ఆడే పిల్లకు బలం, పనిచేసే అమ్మకు బలం
(మహిళల చదువుల కేంద్రంలో చేసిన ప్రసంగం)

అమ్మలారా! అక్కలారా! చెల్లెళ్ళారా!



ఈ రోజు పాఠానికి సెలవు. పలకలు పక్కన పెట్టండి. నోటు పుస్తకాలు మాత్రం దగ్గరే ఉంచుకోండి. చివరిలో వాటితో పని ఉంది.

మన ఊరి ఆడపిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. ఆ సంగతి మీకు తెలుసు. మొత్తం 14 మంది. మండలం పోటీలకు వెళ్ళాలని వాళ్ళ ఆశ. బడి వదిలాక బడి వెనక ఖాళీ జాగాలో సాధన చేస్తున్నారు. అప్పటి నుంచి మీలో చాలామంది నన్ను ప్రశ్నలు అడుగుతున్నారు.

"టీచరమ్మా, ఎదిగిన ఆడపిల్ల అలా గెంతితే ఒళ్ళు పాడైపోదా?" అని ఒక అమ్మ అడిగింది.

"మా గుంట ఆడి వచ్చి నీరసంగా పడిపోతోంది. ఏం పెట్టాలి?" అని ఇంకో అమ్మ అడిగింది.

"బలం పొడి డబ్బా కొనమంటున్నారు. సంఘంలో అప్పు తీసి కొనాలా?" అని ఒక అక్క అడిగింది.

"పిల్లల మాట సరే. మరి మా నడుం నొప్పి సంగతేటి?" అని ఇంకో అక్క అడిగింది.

ఈ నాలుగు ప్రశ్నలకు ఈ రోజు జవాబు వెతుకుదాం. నేను డాక్టర్‌ని కాను. బడిలో పాఠం చెప్పే పంతులమ్మని. చదివి తెలుసుకున్నవి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నవి మీకు చెబుతాను. అర్థం కాకపోతే మధ్యలో ఆపి అడగండి.

ఆడపిల్ల ఆడితే ఏమవుతుంది?

మన శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస ఉంది కదా. దాని దగ్గర ఊసవానిపేట అనే ఊరు ఉంది. కరణం మల్లీశ్వరి ఆ ఊరిలో పెరిగింది. పన్నెండేళ్ళ వయసులో బరువులు ఎత్తడం మొదలుపెట్టింది. నీలంశెట్టి అప్పన్న అనే గురువు ఆమెకు నేర్పారు. 1994లో, 1995లో ప్రపంచ పోటీల్లో గెలిచింది. 2000 సంవత్సరం సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. మన దేశం నుంచి ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి ఆడమనిషి ఆమే.

ఆ రోజు ఆమె రెండు రకాలుగా బరువు ఎత్తింది. ఒకసారి 110 కిలోలు. ఒకసారి 130 కిలోలు. 130 కిలోలంటే ఎంత? ఒక బియ్యం బస్తా 25 కిలోలు అనుకోండి. అయిదు బస్తాలు, పైన మరో అయిదు కిలోలు. అంత బరువు తల మీదికి ఎత్తి నిలబెట్టింది. ఆమె ఒళ్ళు పాడైందా? లేదు. గట్టిపడింది.

తెలంగాణలో నిజామాబాద్ వైపు పాకాల అనే పల్లె ఉంది. ఆ పల్లె పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే నెలలో ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. వరంగల్ జిల్లా కల్లెడ ఊరి పిల్ల జీవాంజి దీప్తి. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం గెలిచింది. వీళ్ళంతా మనలాంటి ఇళ్ళ పిల్లలే.

"గెంతితే గర్భసంచి జారిపోతుంది" అని కొందరు పెద్దలు అంటారు. అది నిజం కాదు. ఆటలు ఆడిన ఎంతోమంది ఆడవాళ్ళు తరవాత పిల్లల్ని కన్నారు. అసలు గెంతడం వల్ల ఎముక గట్టిపడుతుంది. ఎదిగే వయసులో ఎంత గట్టి ఎముక పడితే ముసలితనంలో అంత మేలు. జారి పడినా తొందరగా విరగదు.

నెలసరి రోజుల్లో ఆడవచ్చా? ఒంట్లో బాగుంటే ఆడవచ్చు. నొప్పిగా ఉంటే ఆ రోజు కూర్చోవచ్చు. పిల్ల ఎలా ఉందో పిల్లనే అడగండి. కానీ ఒక సంగతి గుర్తుంచుకోండి. క్రమంగా వచ్చే నెలసరి మూడు నెలలు ఆగిపోతే డాక్టరుకు చూపించాలి. పెళ్ళికాని పిల్ల అని దాచిపెట్టవద్దు. ఆటకు తగిన తిండి లేకపోయినా అలా ఆగిపోవచ్చు. మరీ ఎక్కువగా పోతున్నా చూపించాలి.

పనిచేస్తున్నాం కదా, మళ్ళీ వ్యాయామం ఎందుకు?

"పొద్దు పొడిచిన కాడ నుంచి పొద్దు గుంకే దాకా పనే. మళ్ళీ ఎక్సర్‌సైజు ఏటి?" అంటారు మీరు. నిజమే. మీరు చేసే పని వ్యాయామం కాదని ఎవరైనా అంటే నమ్మకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక లెక్క చెప్పింది. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలేలా పనో నడకో చేయాలి. అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున వారంలో అయిదు రోజులు. అది పొలం పని అయినా సరే. ఇంటి పని అయినా సరే. ఊపిరి కొంచెం వేగంగా ఆడాలి. దానితో పాటు వారంలో రెండు రోజులు కండబలం పెరిగే పని చేయాలి. పిల్లలైతే రోజుకు గంటసేపు ఆడాలి.

ఊడ్పులకు వెళ్ళే అక్కకు ఈ 150 నిమిషాలు ఒక్క పూటలోనే అయిపోతాయి. ఆమె మళ్ళీ పరుగెత్తనక్కర్లేదు. ఆమెకు మొదట కావలసినవి తిండి, విశ్రాంతి. కానీ ఊడ్పుల్లో నడుం రోజంతా ఒకే వైపు వంగి ఉంటుంది. అందుకే నొప్పి. గంటకు ఒకసారి గట్టు మీద నిలబడాలి. చేతులు నడుం మీద పెట్టుకుని మెల్లగా వెనక్కి వంగాలి. అయిదుసార్లు చేస్తే చాలు. బిందె ఎత్తేటప్పుడు నడుం వంచవద్దు. మోకాళ్ళు వంచి కూర్చోండి. బిందెను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి.

పలాస వైపు జీడిపప్పు ఒలిచే అక్కల సంగతి వేరు. పొద్దంతా కూర్చునే పని. చేతులు ఆడతాయి. కాళ్ళు ఆడవు. మిషను కుట్టే అక్కకూ అంతే. అలసట ఉంటుంది గాని ఒంటికి కదలిక ఉండదు. వీళ్ళకు నడక కావాలి. సాయంత్రం నలుగురు కలిసి అరగంట చురుగ్గా నడవండి. కబుర్లు చెప్పుకోవచ్చు. కానీ పాట పాడలేనంత వేగంగా నడవాలి.

కండబలానికి డబ్బు ఖర్చు లేదు. మూడు పనులు చెబుతాను.

ఒకటి. కుర్చీ మీదో గట్టి పెట్టె మీదో కూర్చోండి. చేతులు ఆనించకుండా లేవండి. మళ్ళీ కూర్చోండి. పదిసార్లు.

రెండు. గోడకు ఎదురుగా చాచిన చెయ్యి అందేంత దూరంలో నిలబడండి. రెండు చేతులూ గోడకు ఆనించండి. మోచేతులు వంచి గోడ దగ్గరకు రండి. మళ్ళీ వెనక్కి నెట్టుకోండి. పదిసార్లు.

మూడు. గుంజ పట్టుకుని మునివేళ్ళ మీద లేవండి. మెల్లగా దిగండి. పదిసార్లు.

అన్నీ కలిపి పది నిమిషాలు. వారానికి రెండుసార్లు చేయండి. గర్భిణులు, బాలింతలు, రక్తపోటు, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు ఏ.ఎన్.ఎం.నో డాక్టరునో అడగండి. చేసేటప్పుడు గుండెలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపేయండి. ఆసుపత్రికి వెళ్ళండి.

సాధనకు ఒక లెక్క ఉండాలి

ఇప్పుడు పిల్లల సంగతి. రోజూ ఒళ్ళు హూనం అయ్యేలా ఆడితే బలం రాదు. దెబ్బలు వస్తాయి. సాధనకు నాలుగు సూత్రాలు ఉన్నాయి.

మొదటిది: ఒళ్ళు వేడెక్కించాలి. చల్లని మైనం విరుగుతుంది. వెచ్చని మైనం వంగుతుంది. కండరం కూడా అంతే. ఆటకు ముందు పది నిమిషాలు మెల్లగా పరుగెత్తాలి. చేతులు, భుజాలు, మోకాళ్ళు తిప్పాలి. ఆట అయ్యాక అయిదు నిమిషాలు నడవాలి. టక్కున కూలబడకూడదు.

రెండవది: కొంచెం కొంచెంగా పెంచాలి. మల్లీశ్వరి మొదటి రోజే 130 కిలోలు ఎత్తలేదు. పూర్ణ మొదటి రోజే ఎవరెస్టు ఎక్కలేదు. ముందు భువనగిరి కొండ రాళ్ళ మీద నేర్చుకుంది. తరవాత డార్జిలింగులో, ఆ తరవాత లడఖ్ చలిలో. నిదానమే ప్రధానం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈ వారం పది బస్కీలు తీస్తే వచ్చే వారం పన్నెండు. అంతేగాని ఇరవై కాదు.

మూడవది: విశ్రాంతి. కండ ఆడేటప్పుడు పెరగదు. ఆడినప్పుడు అలుస్తుంది. తిని, పడుకున్నప్పుడు బాగుపడుతుంది. అందుకని వారంలో ఒక రోజు పూర్తిగా సెలవు ఉండాలి.

నాలుగవది: నిద్ర. ఎదిగే పిల్లకు ఎనిమిది గంటలు తగ్గకుండా నిద్ర కావాలి. ఇక్కడ ఒక మాట. ఆడి వచ్చిన అబ్బాయి మంచం ఎక్కుతాడు. ఆడి వచ్చిన అమ్మాయి అంట్లు తోముతుంది. రాత్రి పదింటికి పుస్తకం తీస్తుంది. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడుస్తుంది. మరి నిద్ర ఎక్కడిది? ఆలోచించండి.

మన పిల్లల వారం లెక్క ఇలా వేశాం. రాసుకోండి.

సోమవారం: మెల్లని పరుగు, తాడాట.
మంగళవారం: బస్కీలు, దండీలు.
బుధవారం: కబడ్డీ ఆట.
గురువారం: చిన్న చిన్న వేగం పరుగులు.
శుక్రవారం: బస్కీలు, దండీలు.
శనివారం: కబడ్డీ ఆట.
ఆదివారం: సెలవు.

ఎండలో సాధన వద్దు. పొద్దున్నే గాని, సాయంత్రం అయిదు దాటాక గాని ఆడాలి.

తిండిలో మూడు పనులవారు

ఇల్లు కట్టాలంటే కూలీ కావాలి. ఇటుక కావాలి. మేస్త్రీ కావాలి. తిండి కూడా అలాంటిదే.

అన్నం, జొన్నలు, చోళ్ళు, దుంపలు, నూనె కూలీల్లాంటివి. పనికి శక్తి ఇస్తాయి.

పప్పులు, ఉలవలు, శనగలు, వేరుశనగలు, గుడ్డు, పాలు, చేప, మాంసం ఇటుకల్లాంటివి. వీటిలో మాంసకృత్తులు ఉంటాయి. వీటినే ప్రోటీన్ అంటారు. కండను కట్టేవి ఇవే.

ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు మేస్త్రీల్లాంటివి. అన్ని పనులూ సరిగ్గా జరిగేలా చూస్తాయి.

మన ఇళ్ళలో కూలీలు ఎక్కువ. ఇటుకలు తక్కువ. పళ్ళెం నిండా అన్నం. పక్కన చారు. దానితో కడుపు నిండుతుంది. కండ పెరగదు.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మన దేశంలో ఎవరికి ఏం తిండి కావాలో లెక్కలు కట్టేది ఆ సంస్థే. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలని చెప్పింది. 13 నుంచి 15 ఏళ్ళ ఆడపిల్లకు 43 గ్రాములు. గట్టిగా ఆడే పిల్లకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. 45 కిలోల పిల్లకు 55 నుంచి 70 గ్రాముల వరకు అనుకోండి.

అంత ఎక్కడి నుంచి వస్తుంది? కూడిక వేద్దాం.

300 గ్రాముల బియ్యం అన్నంలో: 24 గ్రాములు.
50 గ్రాముల పప్పులో: 11 గ్రాములు.
రెండు గుడ్లలో: 12 గ్రాములు.
గుప్పెడు వేరుశనగ గింజల్లో, అంటే 30 గ్రాముల్లో: 7 గ్రాములు.
గ్లాసు పాలల్లో లేదా పెరుగులో: 6 గ్రాములు.

మొత్తం ఎంత? 60 గ్రాములు. సరిపోయింది కదా! గుడ్డు తినని ఇంట్లో ఉలవలు, శనగలు ఇంకో గుప్పెడు పెంచండి. నానబెట్టి మొలకలు వచ్చాక ఉడికించి పెట్టండి. ఎండు మెత్తళ్ళలో కూడా మాంసకృత్తులు బాగా ఉంటాయి. వాటిలో ఉప్పు ఎక్కువ. బాగా కడిగి వండండి.

అన్నం, పప్పు కలిపి తినడంలో ఒక కిటుకు ఉంది. బియ్యంలో తక్కువగా ఉండేది పప్పులో ఉంటుంది. పప్పులో తక్కువగా ఉండేది బియ్యంలో ఉంటుంది. రెండూ కలిస్తే మంచి ఇటుక తయారవుతుంది. పులగం, పెసరట్టు, పప్పన్నం అందుకే మంచివి.

చోడి అంబలిని మరచిపోకండి. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది. దీన్నే కాల్షియం అంటారు. ఎముకకు అది కావాలి. బియ్యంలో అది చాలా తక్కువ.

రక్తం తక్కువైతే ఆట సాగదు

ఈ మధ్య ఒక సాయంత్రం సాధనలో ఒక పిల్ల కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. పొద్దున్న టీ తాగిందట. ఒంట్లో బాగాలేదని మధ్యాహ్నం బడిలో సరిగ్గా తినలేదట. కళ్ళ కింది రెప్ప చూస్తే తెల్లగా ఉంది. ఏ.ఎన్.ఎం. గారు రక్త పరీక్ష చేశారు. 9 ఉంది. 12 ఉండాలి.

ఆ పిల్ల సోమరి కాదు. ఆమెకు రక్తం తక్కువ. రక్తం ఊపిరిలోని ప్రాణవాయువును కండరాలకు మోసుకుపోతుంది. మోసే బండ్లు తక్కువైతే సరుకు అందదు. అప్పుడు ఆయాసం, గుండెదడ, నీరసం వస్తాయి.

ఇది ఒక పిల్ల సంగతి కాదు. 2019 నుంచి 2021 వరకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. ఈ గదిలో మనం 30 మందిమి ఉన్నాం. ఆ లెక్కన మనలో 17, 18 మందికి ఉండవచ్చు.

రక్తానికి ఇనుము కావాలి. మగవాళ్ళకు రోజుకు 19 మిల్లీగ్రాములు. ఆడవాళ్ళకు 29 మిల్లీగ్రాములు. నెలనెలా రక్తం పోతుంది గనక ఆడవాళ్ళకు ఎక్కువ కావాలి. మరి వంటింట్లో ఏం జరుగుతోంది? కూర మొదట మగవాళ్ళకు. తరవాత మగపిల్లలకు. తరవాత ఆడపిల్లకు. అమ్మకు అడుగున మిగిలిన పులుసు. ఎక్కువ కావలసిన వాళ్ళకు తక్కువ. తక్కువ చాలిన వాళ్ళకు ఎక్కువ. ఈ లెక్క తప్పు కదా?

ఏం చేయాలి?

సజ్జలు, తోటకూర, మునగాకు, ఉలవలు, శనగలు, చేప, మాంసం, కార్జం తినాలి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోవాలి. ఉసిరి, జామ తినాలి. పులుపు ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగవద్దు. టీ ఇనుమును పట్టనివ్వదు. ఒక గంట ఆగండి.

బెల్లం ఉండ ఒక్కటి తింటే రక్తం పడుతుందని అనుకోకండి. బెల్లంలో ఇనుము ఉన్నది కొంచెమే. మంచిదే గాని చాలదు.

బడిలో పిల్లలకు వారానికొకసారి ఇనుము మాత్ర ఇస్తారు. పారేయకుండా మింగమని చెప్పండి. అన్నం తిన్నాక వేసుకోవాలి. దొడ్డికి నల్లగా వస్తుంది. భయం లేదు. కడుపులో పురుగులుంటే తిన్నది ఒంటపట్టదు. నులిపురుగుల మాత్ర ఇచ్చే రోజున తప్పక వేయించండి. రక్తం 9, 8 అని వస్తే తిండి ఒక్కటే చాలదు. డాక్టరు చెప్పినట్టు మందు వాడాలి. ఆ పిల్ల ఇప్పుడు మందు వాడుతోంది. ఏ.ఎన్.ఎం. గారు సరే అనేదాకా ఆటలో పాయింట్లు రాసే పని ఆమెదే.

ఆట ఉన్న రోజు ఏం తినాలి?

పోటీకి మూడు గంటల ముందు భోజనం చేయాలి. అన్నం, పప్పు, మజ్జిగ చాలు. వేపుళ్ళు, నూనె పదార్థాలు వద్దు. అవి తొందరగా అరగవు. గంట ముందు ఒక అరటిపండు తినవచ్చు. కొత్త తిండి ఏదీ ఆ రోజు పెట్టవద్దు.

దాహం వేసే దాకా ఆగకుండా మధ్యమధ్య నీళ్ళు తాగాలి. చెమటతో నీళ్ళూ పోతాయి, ఉప్పూ పోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం మంచివి. చాలా చెమట పోతే ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి. పొట్లం దొరకకపోతే ఇంట్లో కలపండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు. ఆరు చిన్న చెంచాల పంచదార. అర చెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ కాకూడదు. రంగు సీసాల పానీయాలు అక్కర్లేదు.

ఆట అయ్యాక గంటలోపల ఏదైనా తినాలి. ఉడికిన గుడ్డు, అరటిపండు. లేదా ఉడికించిన శనగలు. లేదా పల్లీ ఉండ, గ్లాసు పాలు. ఇంటికి వచ్చి వంట అయ్యేదాకా ఖాళీ కడుపుతో ఉంచవద్దు.

ఇంకో మాట. కబడ్డీలో వయసును బట్టి బరువుకు హద్దు ఉంటుంది. హద్దు దాటితే ఆడనివ్వరు. అందుకని కొందరు పిల్లలు రెండు రోజులు తిండి, నీళ్ళు మానేస్తారు. అది చాలా ప్రమాదం. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ కుస్తీలో ఫైనల్ దాకా వచ్చింది. ఆ రోజు పొద్దున తూకంలో 100 గ్రాములు ఎక్కువ వచ్చింది. ఆమెను ఆడనివ్వలేదు. బరువు తగ్గాలని ఆమె రాత్రంతా కష్టపడింది. పక్కన డాక్టరు ఉన్నా ఆమె నీరసించి చికిత్స పొందవలసి వచ్చింది. మన పిల్లల పక్కన డాక్టరు ఉండడు. బరువు ఎక్కువైతే పై విభాగంలో ఆడదాం. పస్తులు వద్దు.

డబ్బా పొడి కొనాలా?

సంఘంలో అప్పు తీసి డబ్బా కొనాలా అని అడిగిన అక్క వినండి.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో దేశ ప్రజలకు ఆహార సూత్రాలు ఇచ్చింది. కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని అందులో చెప్పింది. మామూలు తిండితోనే సరిపోతుందని చెప్పింది.

అయినా కొనాలనిపిస్తే ముందు డబ్బా చదవండి. మీకిప్పుడు చదువు వచ్చు. అక్షరాలు ఇంగ్లీషులో ఉంటే పిల్లల చేత చదివించండి. అంకెలు మనకు తెలుసు. మూడు చోట్ల చూడండి.

ఒకటి. 100 గ్రాముల పొడిలో ఎన్ని గ్రాముల ప్రోటీన్ అని రాసి ఉంటుంది. అక్కడ 15 అని ఉంటే ఏమనుకోవాలి? 100 గ్రాముల వేరుశనగ గింజల్లో సుమారు 25 ఉంటుంది. కందిపప్పులో 20 పైన ఉంటుంది. ఏది మేలు?

రెండు. పంచదార ఎంత అని చూడండి. కొన్ని పొడుల్లో సగానికి సగం పంచదారే ఉంటుంది.

మూడు. గడువు తేదీ, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు చూడండి. అవి లేని డబ్బాను ముట్టుకోవద్దు.

మన ప్రాంతానికి ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని బాధపెడుతోందో మీకు తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఎన్నో ఇళ్ళలో ఈ బాధ ఉంది. దానికి కారణం ఇదీ అని ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ కిడ్నీకి చెరుపు చేసేవి కొన్ని తెలుసు. ఒళ్ళు నొప్పులకు దుకాణంలో కొని మింగే నొప్పి మాత్రలు చెరుపు చేస్తాయి. నీళ్ళు తాగకుండా ఎండలో పనిచేయడం చెరుపు చేస్తుంది. ఆడి వచ్చి కాలు నొప్పి అంటే మాత్ర వేయకండి. చల్లని తడి గుడ్డ వేయండి. విశ్రాంతి ఇవ్వండి. తగ్గకపోతే డాక్టరుకు చూపండి. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు నేను చెప్పిన పప్పు, గుడ్ల లెక్క పాటించవద్దు. వాళ్ళ తిండి లెక్క డాక్టరే చెప్పాలి.

గుడ్లు, పల్లీలు ఎక్కడి నుంచి వస్తాయి?

"చెప్పడం తేలిక టీచరమ్మా, డబ్బులేవి?" అంటారు. ఆ మాటా నిజమే.

బడి మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడతారు. ఆ గుడ్డు పిల్ల తింటోందో లేదో అడగండి. గర్భిణులకు, బాలింతలకు అంగన్వాడీలో గుడ్డు, పాలు ఇస్తారు. అవి ఇంటికి తెచ్చి అందరికీ పంచవద్దు. అవి అమ్మ కోసం ఇచ్చినవి.

వేరుశనగల సంగతి లెక్క వేద్దాం. 14 మంది పిల్లలు. ఒక్కొక్కరికి రోజుకు 30 గ్రాములు. 14 ముప్పైలు 420. ఆరు రోజులకు 2,520 గ్రాములు. అంటే వారానికి రెండున్నర కిలోలు. మనం 30 మందిమి. ఒక్కొక్కరు వారానికి మూడు గుప్పెళ్ళు ఇస్తే సరిపోతుంది. కూతురు ఆడుతున్నా, ఆడకపోయినా ఇద్దాం. సంఘంలో పిడికెడు బియ్యం దాచిన చేతులు ఇవే కదా!

బడిలో ఒక డబ్బా పెడతాను. ఎవరు ఎంత వేశారో మీరే మీ పేరు ఎదురుగా రాయండి. వేలిముద్ర వద్దు. సంతకం పెట్టండి.

ఇప్పుడు నోటు పుస్తకం తీయండి

ఒక పేజీలో నాలుగు గీతలు గీయండి. అయిదు గడులు వస్తాయి. మొదటి గడిలో వారం పేరు. రెండవ గడిలో పిల్ల ఏం తిన్నది. మూడవ గడిలో పిల్ల ఎంతసేపు ఆడింది. నాలుగవ గడిలో ఎన్ని గంటలు నిద్రపోయింది.

అయిదవ గడిలో ఏం రాయాలి? "నేను ఏం తిన్నాను?" అని రాయండి.

ఎందుకంటే అమ్మ తినకపోతే ఆ ఇంట్లో పిల్ల కూడా అదే నేర్చుకుంటుంది. ఆడది చివర తినాలి, మిగిలింది తినాలి అని నేర్చుకుంటుంది. రేపు అత్తవారింట్లో అదే చేస్తుంది. ఆమె కడుపున పుట్టే బిడ్డ కూడా బలహీనంగా పుడుతుంది. ఇది ఎక్కడో ఒకచోట ఆగాలి. మన పళ్ళెం దగ్గరే ఆపుదాం. వారంలో ఒక్క రాత్రయినా ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చుని తినండి. కూర అందరికీ సమంగా వడ్డించండి. మగవాళ్ళకు కూడా లెక్క చెప్పండి. 19, 29 అంకెలు చూపించండి. చాలామంది కాదనరు. వాళ్ళకు ఎవరూ చెప్పకపోవడమే అసలు సంగతి.

వచ్చే శుక్రవారం ఈ పేజీ తెచ్చి చదివి వినిపించండి. శనివారం సాయంత్రం అయిదున్నరకు పిల్లల ఆట ఉంది. అమ్మలంతా వచ్చి గీత పక్కన నిలబడండి. "కబడ్డీ, కబడ్డీ" అని పిల్ల కూత పెడుతుంటే చూడండి. ఆ కూతలో మీరు పెట్టిన అన్నం బలం వినిపిస్తుంది.



చర్చించండి

1. మీ ఇంట్లో చివర ఎవరు తింటారు? ఎందుకు?
2. ఆడవాళ్ళకు ఇనుము ఎక్కువ ఎందుకు కావాలి?
3. అన్నంతో పాటు పప్పు ఎందుకు తినాలి?
4. నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు ఎందుకు వాడకూడదు?
5. మీ పని కూర్చుని చేసేదా, వంగి చేసేదా? దానికి తగిన వ్యాయామం ఏది?
6. మీ నోటు పుస్తకంలో అయిదు గడుల పట్టిక గీయండి. ఒక వారం రాయండి.